గుడ్ బాయ్

ఏటా జూన్ నెలలో మన సంఘం పిక్నిక్ అయిపోయి, పులిహోర ట్రేలు తుడుచుకుని కార్లలో సర్దుకునే వేళకి, ఆ ఏడు హైస్కూలు గట్టెక్కిన పిల్లల్ని ఒక వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి గురించి తండ్రినో తల్లినో రెండు ముక్కలు చెప్పమనడం పరిపాటి. పిల్లలకి ఒక పెన్నూ, ఒక పుస్తకమూ ఇస్తాం. ఫొటో తీస్తాం. చెప్పే రెండు ముక్కలూ సాధారణంగా ఏ కాలేజీలో సీటు వచ్చింది, ఏం చదవబోతున్నాడు అన్నవాటితో సరిపోతాయి. ఎవరూ వినరు. ఆ సమయానికి అందరి దృష్టీ మిగిలిన గారెలు ఎవరు పట్టుకెళతారన్న దానిమీద ఉంటుంది.

1986లో మాత్రం అందరమూ విన్నాం. ఆ ఏడు మైకు దగ్గరికి వచ్చినవారిలో ఒక ఇంజనీరుగారున్నారు. కాకినాడలో చదివి, 1965 నాటి వలస చట్టం తలుపులు తెరిచిన రెండేళ్ళకి, అంటే 1967లో, ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని దిగినవారు. నెమ్మదైన మనిషి. సభలో నిలబడి మాట్లాడడం ఆయనకి అదే మొదటిసారి అనుకుంటాం. కొడుకు పక్కనే నుంచున్నాడు, తండ్రి కన్నా జానెడు పొడుగు. ఈయన గొంతు సవరించుకుని, తెలుగులో మొదలుపెట్టబోయి, ఆగి, ఇంగ్లీషులోకి దిగారు. "మై సన్ ఈజ్ ఎ వెరీ గుడ్ బాయ్. హి ఈజ్ వెరీ ఒబీడియెంట్" అన్నారు.

వెనక వరసలో, కూలర్ల మీద కూర్చున్న కుర్రకారులోంచి ఎవరో "వూఫ్!" అన్నారు.

పిల్లలందరూ పగలబడి నవ్వారు. పెద్దవాళ్ళలో సగంమందికి అది దగ్గులాగా వినిపించింది. ఇంజనీరుగారు కూడా, పిల్లలు సంతోషిస్తున్నారనుకుని కాబోలు, నవ్వి దిగిపోయారు. కుర్రవాడు మటుకు చెవులదాకా ఎర్రబడి, పెన్నూ పుస్తకమూ అక్కడే బల్లమీద పెట్టేసి, పోయి కార్లో కూర్చున్నాడు. ఫొటోలో వాడు లేడు.

తరువాతి ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి అడిగారు: "ఏమండీ, నేను తప్పేమన్నాను? వాడు వారం రోజులై నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. వాళ్ళమ్మ అడిగితే నథింగ్ అంటున్నాడు."

మేము చెప్పక తప్పింది కాదు. ఈ దేశంలో "గుడ్ బాయ్" అనే మాటని నాలుగేళ్ళ పిల్లవాడితో అంటారు, లేకపోతే కుక్కతో అంటారు, తల నిమురుతూ. ఇక "ఒబీడియెంట్" సంగతి అడగనే అక్కరలేదు. ఊరూరా కుక్కలకి ఒబీడియెన్స్ స్కూళ్ళున్నాయి. కూర్చోమంటే కూర్చున్నందుకూ, రమ్మంటే వచ్చినందుకూ వాటికి పోటీలు పెట్టి బహుమతులిస్తారు. ఆ పోటీలని అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారు 1936 నుంచీ నియమనిబంధనలతో నడుపుతున్నారు. పద్దెనిమిదేళ్ళు నిండి, కాలేజీకి పోబోతున్న కుర్రవాణ్ణి, స్నేహితుల ఎదట, ఆ రెండు మాటలూ కలిపి మెచ్చుకుంటే వాడి ప్రాణానికి ఎల్లా ఉంటుందో ఆలోచించండి, అన్నాం.

ఆయన కప్పు కింద పెట్టారు. "మా హెడ్మాస్టరుగారు నా టీసీ మీద ఆ మాటే రాశారండీ. గుడ్ అండ్ ఒబీడియెంట్ అని. మా నాన్న ఆ కాగితం పట్టుకెళ్ళి కరణంగారి చేత చదివించుకున్నాడు. ఆ మాట పట్టుకునే కదా నేను ఇక్కడిదాకా వచ్చాను" అన్నారు.

ఆ తరవాత మాకేమీ తోచలేదు. నిజమే కదా. మన తరం వాళ్ళలో ఎవరికి వారు గుర్తుచేసుకోండి. మనం బడిలో నేర్చుకున్న మొట్టమొదటి ఇంగ్లీషు ఉత్తరం ఏది? జ్వరంగా ఉంది కాబట్టి ఒకరోజు సెలవు ఇప్పించవలసిందిగా కోరుతూ హెడ్మాస్టరుగారికి రాసింది. కింద సంతకానికి ముందు "యువర్స్ ఒబీడియెంట్లీ". జ్వరం అబద్ధం కావచ్చుగానీ ఒబీడియెన్స్ నిజం. దొరల కాలంలో పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటే కింద "యువర్ ఒబీడియెంట్ సర్వెంట్" అనే రాసుకునేవారు. ఆ మాట దొరల బల్ల మీంచి గుమాస్తా బల్ల మీదికీ, అక్కణ్ణించి బడిపంతులు బల్ల మీదికీ, అక్కణ్ణించి మన టీసీల మీదికీ వచ్చింది. వచ్చే దారిలో దానికి మన వినయమూ, విధేయతా, తండ్రిమాట జవదాటని శ్రీరామచంద్రుడూ అన్నీ తోడయ్యాయి. ఇంజనీరుగారు మైకు ముందు ఆ మాట అన్నప్పుడు తన మనసులో ఉన్న అత్యుత్తమమైన వస్తువుని తీసి కొడుకు చేతిలో పెట్టారు. కొడుకు చేతిలోకి వచ్చేసరికి అది కుక్క మెడపట్టీ అయింది.

ఈ మాటకి రెండో పక్క కూడా ఉంది. పది రోజుల తరవాత ఇంజనీరుగారు మళ్ళీ వచ్చారు, చేతిలో కొడుకు బాయ్ స్కౌట్ పుస్తకంతో. అక్కడ స్కౌటు గుణాలు పన్నెండు చెప్పి ఉన్నాయి. ఏడవది ఒబీడియెంట్! "చూడండి, వాళ్ళే రాసుకున్నారు. వీడు అయిదేళ్ళపాటు ప్రతి సోమవారం సాయంత్రం నుంచుని ఇది వల్లించి వచ్చాడు" అన్నారు, కేసు గెలిచిన ప్లీడరులాగా. మేమూ ఒప్పుకున్నాం. మాట ఈ దేశంలో చచ్చిపోలేదు. ఎవరికి వారు తమ గురించి ప్రమాణంగా చెప్పుకోవచ్చు. ఇంకొకరు తల నిమిరి అనకూడదు, అంతే తేడా. ఆ తేడా ఏ డిక్షనరీలోనూ ఉండదు.

మాట వచ్చింది కాబట్టి "బాయ్" గురించి కూడా మన సభ్యులకి ఒకటి చెప్పాలి, ఇది నవ్వులాట కాదు. మనలో ఒక డాక్టరుగారు ఆస్పత్రిలో తన దగ్గర పనిచేసే పాతికేళ్ళ నల్లజాతి యువకుణ్ణి పదిమందిలో "వెరీ గుడ్ బాయ్" అని మెచ్చుకుని, ఆ పూటంతా ఎవరూ తనతో ఎందుకు మాట్లాడలేదో తెలియక తికమకపడ్డారు. ఈ దేశంలో తరతరాలపాటు తెల్లవాళ్ళు, నెరిసిన గడ్డాలున్న నల్లవాళ్ళని సైతం ఆ మాటతోనే పిలిచారు. 1968లో మెంఫిస్ పట్నంలో చెత్త ఎత్తే కార్మికులు సమ్మె చేసినప్పుడు మెడలో వేసుకున్న అట్టలమీద ఉన్నది ఒకటే వాక్యం, నేను మగవాణ్ణి, మనిషిని అని. జీతం పెంచమనే సమ్మెలో ఆ వాక్యం ఎందుకు వచ్చిందో, "బాయ్" అనే మాట చరిత్ర తెలిస్తేగానీ బోధపడదు. 2006లో సుప్రీంకోర్టు కూడా ఒక కోళ్ళ ఫ్యాక్టరీ కేసులో, ఆ మాట ఒక్కటీ వాడినంత మాత్రాన అది నిరపాయమైనదనుకోవడానికి వీల్లేదు, సందర్భాన్నీ గొంతునీ చూడాలి అని చెప్పింది. మన ఊళ్ళలో హోటలు కుర్రవాణ్ణీ, ఆఫీసు జవానునీ "బాయ్" అని పిలిచి పెరిగినవాళ్ళం. ఆ అలవాటు కూడా దొరలదే.

సరే, ఇంజనీరుగారి దగ్గరికి వద్దాం. మా ఇంట్లో ఆ సాయంత్రం కూర్చున్నవారిలో ఒకావిడ సూటిగా అడిగింది: "అన్నయ్యగారూ, అసలు తెలుగులో చెప్పకపోయారా? ఈ గొడవే ఉండకపోను."

ఆయన ఆలోచించి, "ఏమని చెప్పను వదినగారూ?" అన్నారు.

మేమందరమూ కలిసి మాటకోసం వెతకడం మొదలుపెట్టాం. సుపుత్రుడు? "మీ సుపుత్రుడు చేసిన నిర్వాకం చూశారా" అన్నప్పుడు తప్ప ఆ మాట మన ఇళ్ళలో వినబడదు. పుత్రరత్నం? అదీ అంతే, రత్నం కారు ఎక్కడో గుద్దుకుని వచ్చినప్పుడు బయటికి వస్తుంది. వంశోద్ధారకుడు, కులదీపకుడు, ఘనుడు, ప్రయోజకుడు, అన్నీ ఒకటొకటిగా పైకి తీశాం. అన్నిటికీ వెక్కిరింత తుప్పు పట్టి ఉంది. పండితపుత్రుడు అన్న మాటయితే మరీ అన్యాయం. అక్షరాలా చూస్తే పండితుడి కొడుకని. వాడుకలో మాత్రం మొద్దబ్బాయి అని. కొడుకుని మెచ్చుకోవడానికి పెద్దలు తయారుచేసి పెట్టిన మాటలన్నీ మనం తిట్టుకి వాడేసుకుని అరగదీశాం. వీటిని మెచ్చుకోలుగానే వాడే ఇల్లు ఏదైనా ఉంటే మాకు తెలియజేయండి, తప్పక ప్రచురిస్తాం.

"తండ్రికి తగ్గ తనయుడు" ఒకటుంది, చెడకుండా. దానికి ఇంగ్లీషు అన్నదమ్ముడే "వర్తీ సన్ ఆఫ్ ఎ వర్తీ ఫాదర్", మన సన్మానసభల్లో శాలువా పడేముందు తప్పనిసరిగా వినబడేది. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయినప్పుడు, తండ్రి యుగంధర్‌గారు పేరు మోసిన ఐ.ఏ.ఎస్. అధికారి అని తెలిసినవారందరి నోటా మా పాట్‌లక్‌లో ఇదే మాట. కానీ ఇది పైవాళ్ళు అనవలసిన మాట. తండ్రే మైకు పట్టుకుని మా వాడు నాకు తగ్గవాడు అంటే, మెచ్చుకున్నది ఎవరిని?

ఇందులో మన సంప్రదాయం మెలిక కూడా ఉంది. కొడుకు పుట్టినప్పుడు కాదు, లోకులు వాణ్ణి మెచ్చుకున్న నాడే తండ్రికి సంతోషమని సుమతీ శతకంలో చెప్పింది మనందరికీ కంఠతా వచ్చు. అక్కడ మెచ్చుకునేది ఎవరు? జనం. తండ్రి వంతు వినడం. విని, లోపల్లోపల సంతోషించి, పైకి "ఏదో మీ దయ" అనడం. ఎదటపడి మెచ్చుకోకపోవడానికి ఇంకో కారణం, అందరూ ఎరిగినదే: పిల్లల్ని ఎదట పొగిడితే ఆయుక్షీణం. దిష్టి తగులుతుంది. చంటివాడు ముద్దుగా ఉన్నాడంటే బుగ్గమీద కాటుకచుక్క పెట్టి, "మా నల్లోడు" అని పిలిచి, దృష్టి మళ్ళించిన జాతి మనది. పక్కింటి పిన్నిగారు "మీ వాడు బాగా చదువుతాడటగా" అంటే, ఫస్టుక్లాసు వచ్చినవాడి తల్లి "ఆఁ, ఏం చదువులెండి, ఎప్పుడూ ఆటలే" అంటుంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అది వాడి కాపుదల.

అందుకే ఇంగ్లీషు. ఇంగ్లీషులో అంటే అన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుంది. దిష్టికి ఇంగ్లీషు రాదు కాబోలు. మన నాలుక మీదికి తెలుగులో రాని మెచ్చుకోలు ఇంగ్లీషులో సులువుగా జారిపోతుంది. అరువు చొక్కా వేసుకుని సభకి వెళ్ళినట్టు. కొలతలు మనవి కావు, ఎక్కడ చంక పట్టేస్తుందో చెయ్యి ఎత్తేదాకా తెలియదు.

కొడుకూ ఇంగ్లీషూ కలిస్తే మన మనసు కరగడం కొత్త సంగతీ కాదు. గురజాడవారు 1892లో ఆడించిన కన్యాశుల్కంలో వెంకటేశం తల్లి, కొడుకునీ గిరీశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమని అడిగి వింటుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది పిల్లల పాటలూ, వాచకంలో ముక్కలూ. ఆ తల్లికి ఒక్క ముక్క అర్థం కాదు, సంతోషం మాత్రం పట్టలేదు. నాటకంలో మనం గిరీశాన్ని చూసి నవ్వుతాంగానీ, ఆవిడ ముఖం కేసి చూస్తే నవ్వు రాదు. కిండర్‌గార్టెన్ సభల్లో ముందువరసలో కూర్చుని వీడియో తీసే మన ముఖాలవంటిదే అదీ.

చొక్కా పట్టేసిన కథ మా ఇంట్లోనూ ఉంది. 1979లో మా నాన్నగారు వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ముప్ఫైయేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయినవారు, రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఒక శనివారం మేమూ మా అబ్బాయీ వాకిట్లో గడ్డి కోసే మిషను విప్పి బాగుచేస్తుంటే పక్కింటాయన కంచె మీదుగా చూసి, మా అబ్బాయిని చూపిస్తూ "చిప్ ఆఫ్ ది ఓల్డ్ బ్లాక్!" అని మెచ్చుకుని వెళ్ళాడు. మేము థాంక్స్ చెప్పాం. నాన్నగారు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయారు. రాత్రి భోజనాల దగ్గర, మజ్జిగ పోసుకుంటూ, "ఒరే, ఆ దొర మొద్దు అన్నది నిన్నా, నన్నా?" అని అడిగారు.

నవ్వాపుకుని అర్థం చెప్పాం. పెద్ద దుంగనుంచి లేచిన చెక్కముక్కలో దుంగ గుణమే ఉంటుందని, తండ్రి పోలిక, తండ్రి పనితనం వచ్చాయని మెచ్చుకోవడమని. ఆయన ఒప్పుకోలేదు. బ్లాక్ అంటే మొద్దే, బ్లాక్‌హెడ్ అంటే మొద్దు బుర్రే, తండ్రిని మొద్దు చేసి కొడుకుని చెక్కపేడు చేసే మెచ్చుకోలు ఏం మెచ్చుకోలన్నారు. తరవాత మేము లైబ్రరీకి వెళ్ళి తిరగేస్తే ఆయన అనుమానం పూర్తిగా తప్పు కాదని తేలింది. మిల్టన్ మహాకవి 1642లో రాసిన ఒక వాదపత్రంలో ఈ మాట వాడింది ప్రత్యర్థిని ఎత్తిపొడవడానికే. దానికి గౌరవం తెచ్చినవాడు ఎడ్మండ్ బర్క్. 1781లో చిన్న పిట్, ఇరవైఒక్క ఏళ్ళవాడు, బ్రిటిష్ పార్లమెంటులో మొదటిసారి లేచి మాట్లాడితే, ఇతను పాత దుంగలోంచి లేచిన ముక్క కాదు, సాక్షాత్తూ ఆ పాత దుంగే అన్నాడుట బర్క్. అప్పటికి తండ్రి పెద్ద పిట్ పోయి మూడేళ్ళయింది. వినడానికి ఆయన లేడు. రెండేళ్ళు తిరిగాక 1783 డిసెంబరులో, ఇరవైనాలుగేళ్ళకే, ఆ కుర్రవాడు ప్రధానమంత్రి అయ్యాడు. ఇది చెబితే నాన్నగారు శాంతించారు. "బర్క్ అన్నాడా? వారన్ హేస్టింగ్స్‌ని కడిగేసిన బర్కేనా? అయితే సరే" అన్నారు.

అన్ని అరువు మాటలూ పట్టెయ్యవు లెండి. "యాపిల్ ఆఫ్ మై ఐ" అనే మాట వింటే కంట్లో యాపిల్ ఏమిటని నవ్వు వస్తుంది. పాత ఇంగ్లీషులో కంటి నడుమ ఉన్న నల్లగుడ్డుని యాపిల్ అనేవారు, గుండ్రంగా ఉంటుందని. అది మన కంటిపాపే! మన మాట ఇంకా చక్కనిది. పాప అంటే పసిపిల్ల, ఎదటి మనిషి కంట్లోకి చూస్తే అక్కడ కనబడే చిన్ని బొమ్మ. లాటిన్‌లోనూ ఆ గుడ్డుకి బొమ్మ అనే అర్థం వచ్చే మాటే పెట్టారు, ఇంగ్లీషు "ప్యూపిల్" అందులోంచి వచ్చింది. ఎన్ని దేశాల తల్లులు ఒకరికొకరు తెలియకుండా ఒకే చోట వంగి చూశారో!

పట్టేసే మాటల్లో పెద్దది "ప్రౌడ్". ఈ దేశంలో పిల్లలు తండ్రినుంచి వినాలని కాచుకుని ఉండే మాట, ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ. మా అబ్బాయి బేస్‌బాల్ కోచ్, పదమూడు ఆటల్లో పదకొండు ఓడిపోయిన జట్టుతో కూడా, ప్రతి ఆట తరవాతా ఆ మాట అనేవాడు. దీన్ని తెలుగులో చెప్పమంటే నిన్ను చూసి గర్విస్తున్నాను అంటాం. పత్రికల తెలుగు. గర్వం మనకి గుణం కాదు, రోగం. గర్వానికి పక్కన పెట్టుకున్న మాట గర్వభంగం. మన పురాణాల్లో ఎవరికైనా గర్వం వచ్చిందంటే రెండు పేజీల్లో వాళ్ళ పని అయిపోతుంది. ఇంగ్లీషువాళ్ళకీ ఒకప్పుడు అంతే, ఏడు మహాపాపాల్లో మొదటిది అదే. ఎప్పుడో దాని కోరలు పీకి మచ్చిక చేసుకున్నారు. మనం ఇంకా చేసుకోలేదు. ఇంజనీరుగారు నిజాయితీగా చెప్పారు: "ఆ మాట నా నోటికి రాదండీ. అంటే మర్నాడే ఏదో అవుతుందనిపిస్తుంది."

అయితే మన తండ్రులు కొడుకుల్ని మెచ్చుకోనేలేదా? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఒకనాడు అటకమీద అట్టపెట్టె దింపి, మా నాన్నగారి ఏరోగ్రాములు తీసి చదివాం. ఇరవైరెండేళ్ళ ఉత్తరాలు. మెచ్చుకోలు ఒక్క వాక్యం కూడా లేదు. ప్రమోషన్ వచ్చిందని రాస్తే, "ఆరోగ్యం జాగ్రత్త. చలిలో తలకి గుడ్డ కట్టుకో" అని జవాబు. ఇల్లు కొన్నామంటే అప్పు ఎంత అని. కానీ ప్రతి ఉత్తరమూ మొదలయ్యేది ఒక్కలాగే, చిరంజీవి అని, ఆశీర్వదించి వ్రాయునది అని. యాభై ఏళ్ళు వచ్చి, బట్టతల వచ్చాక కూడా, కవరు మీద మేము చి.యే. పొగిడితే ఆయువు తగ్గుతుందని భయపడినవాళ్ళు, పేరు ఎత్తినప్పుడల్లా ముందు ఆయువు పోసి ఆ తరవాత పేరు పలికారు. ఆ పొట్టిమాటని మనం పెళ్ళి శుభలేఖల్లో అచ్చు వేయించుకుంటాంగానీ, అందులో ఏముందో ఎప్పుడూ చూడం. ఇక్కడ పుట్టిన పిల్లలకి అది ఒక ఇనీషియల్ అనిపిస్తుంది.

ఇంకొకటి. కొడుకు మీద ప్రేమ పొంగినప్పుడు తెలుగు తండ్రి నోట వచ్చే మాట ఏమిటి? "రా నాన్నా." "తిను నాన్నా." తల్లి అయితే "నా తండ్రే!" ఇంగ్లీషువాడు కొడుకు తండ్రిలాంటివాడని మెచ్చుకుంటాడు. మనం ఆ "లాంటి" కూడా తీసేసి, కొడుకునే తండ్రీ అని పిలుస్తాం. తాతగారి పేరు పెట్టుకుని, ఆ పేరుతో తిట్టలేక వేరే ముద్దుపేరు పెట్టుకున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు! అలవాటు వల్ల మనకే వినబడదుగానీ, ఒక్కసారి బయటివాడి చెవితో వినండి. నలభై ఏళ్ళవాడు పదేళ్ళవాణ్ణి పట్టుకుని నాన్నా అంటున్నాడు.

ఆ ఆగస్టులో ఇంజనీరుగారు కొడుకుని కాలేజీలో దింపడానికి వెళ్ళారు. కారులో ఏడు గంటల ప్రయాణం. ఈ సంగతి ఆయన భార్య చెప్పగా విన్నాం. ఆవిడ పట్టుబట్టి ఆయన చేత ఒక చిన్న అట్ట మీద ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ అని రాయించిందిట, మరిచిపోకుండా. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు. సామాను మూడో అంతస్తుకి మోశారు. రైస్ కుక్కర్ పెట్టెలో ఆవకాయ సీసా కారకుండా ఉందో లేదో మూడుసార్లు చూశారు. రూమ్‌మేటూ, అతని తల్లిదండ్రులూ వచ్చారు. ఆ తండ్రి తన కొడుకుని కౌగలించుకుని, వీపు మీద చరిచి, ఆ మాట చాలా సులువుగా అనేసి వెళ్ళిపోయాడు. ఈయన కిటికీ గొళ్ళెం పడుతోందా అని చూస్తూ ఉండిపోయారు. చివరికి గుమ్మం దగ్గర "జాగ్రత్త నాన్నా. ఆదివారం ఫోను చెయ్యి. కలెక్ట్ కాల్ చెయ్యి, డబ్బు చూసుకోకు" అన్నారుట. అట్టముక్క జేబులోనే ఉండిపోయి, ఇంటికి వచ్చాక చొక్కాతోపాటు వాషింగ్ మిషన్లో పడి ముద్దయింది.

ఆ అబ్బాయికి ఇప్పుడు యాభై దాటింది. మొన్న సంక్రాంతికి కనబడితే, పిక్నిక్ సంగతి గుర్తుందా అని అడిగాం. గుర్తులేకేం, ఆ "వూఫ్" అన్నవాడే తన పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నుంచున్నాడని చెప్పి నవ్వాడు. అట్టముక్క గురించి మాత్రం అతనికి తెలియదు. మేము చెబితే కాసేపు ఏమీ అనలేదు.

తరవాత తనకి ఆ రోజు గుర్తున్నది చెప్పాడు. వీళ్ళు వెళ్ళిపోయాక రూమ్‌మేట్, "మీ నాన్న నిన్ను ఏమని పిలిచాడు?" అని అడిగాడుట. నాన్నా అంటే డాడ్ అని ఇతను చెప్పాడు. మరి ఆయన నిన్నెందుకు డాడ్ అంటాడని వాడు అడిగాడు. "నాకూ సరిగ్గా తెలియదు, మావాళ్ళు అంతే, నేను ఏదైనా మంచి పని చేస్తే అల్లాగే పిలుస్తారు అన్నాను" అన్నాడు.

"ఆ రోజు నువ్వు ఏం మంచి పని చేశావయ్యా?" అన్నాం.

"అదే నాకూ తెలియలేదండీ. రైస్ కుక్కర్ మోశాను" అన్నాడు.